కూలి రాయని ధరల పట్టిక

పాత ధరల జాబితాలకు మన దగ్గర ఎప్పుడూ గిరాకీయే. రూపాయికి ఇన్ని సేర్ల బియ్యం వచ్చేవనీ, అణా పెడితే సినిమా చూసేవాళ్లమనీ, వంద రూపాయలుంటే పది గ్రాముల బంగారం చేతికొచ్చేదనీ రాసి చివర ఒక నిట్టూర్పు విడిచే సందేశం ఫోనున్న ప్రతి ఇంటికీ ఏదో ఒక పూట వచ్చే ఉంటుంది. ఈ అలవాటు మనదొక్కరిదే కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పెరిగిన అమెరికన్ తరానికి 1950 నాటి పెట్రోలు ధర, రొట్టె ధర కంఠతా వచ్చు. చెప్పే అంకె చాలాసార్లు నిజమే. దాని పక్కన ఉండాల్సిన రెండో అంకె, అంటే ఆ దినం కూలి ఎంతో చెప్పే అంకె ఉండదు, అదీ చిక్కు. 1945 నుంచి 1957 దాకా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు తాలూకాల్లో బతికిన మామూలు జనం సంగతికొస్తే ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. వాళ్లలో చాలామంది కూలీలకు కూలి డబ్బు రూపంలో అందనే లేదు మరి. ధరల పట్టిక చేతిలో రూపాయి ఆడినవాళ్ల జ్ఞాపకం. దాన్ని ఊరందరి చరిత్రగా ఒప్పుకోవడం తప్పు.

ముందు అమెరికా లెక్కే చూద్దాం, అక్కడ కాగితాలు దొరుకుతాయి కాబట్టి. కార్మిక గణాంకాల సంస్థ దశాబ్దాల తరబడి ధరలు నమోదు చేస్తూ వస్తోంది. 1950లో గ్యాలన్ పెట్రోలు సుమారు 27 సెంట్లు. ఆ ఏడాది జనవరి నుంచి ఫెడరల్ కనీస వేతనం గంటకు 75 సెంట్లు. గంట పనికి రెండున్నర గ్యాలన్లు దాటి వచ్చేదన్నమాట. ఇప్పుడు ఆ వేతనం 7.25 డాలర్లు, 2009 నుంచి కదల్లేదు. గ్యాలన్ మూడు డాలర్లనుకుంటే గంట పనికి వచ్చేది రెండున్నరకు కాస్త తక్కువ. తేడా ఉంది గానీ 27 సెంట్లనగానే నోరు తెరిచేంత తేడా కాదు. అసలు సంగతి ఇంకొకటుంది. ఆ కనీస వేతన చట్టం పొలం పని చేసేవాళ్లకు వర్తించలేదు. 1966లో సవరించేదాకా దక్షిణాది పత్తి చేలలోని నల్లజాతి కూలీలు, మెక్సికో నుంచి వచ్చి పండ్లు కోసినవాళ్లు దాని బయటే ఉండిపోయారు. 1950లో నూటికి తొమ్మిది ఇళ్లలో ఉన్న టీవీ పదేళ్లలో తొంభై ఇళ్ల దగ్గరికి చేరింది, నిజమే. ఆ టీవీలో కనిపించిన పచ్చిక ముంగిలి ఇల్లే ఇవాళ ఆ కాలానికి గుర్తుగా మిగిలింది, పత్తి చేను కాదు.

మన దగ్గర మొదటి ప్రశ్నే వేరు: ఏ రూపాయి? 1945లో ఈ మూడు ఊళ్లూ నిజాం ఏలుబడిలోని మహబూబ్‌నగర్ జిల్లాలోవి. గద్వాల, వనపర్తి సంస్థానాలు, నాగర్‌కర్నూలు నేరుగా సర్కారు పాలన. చెల్లుబాటయ్యేది హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయిని జనం కల్దార్ అనేవాళ్లు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. తుంగభద్ర దాటి మద్రాసు రాష్ట్రంలోని కర్నూలుకు పోయినవాడి ఏడు రూపాయలు అక్కడ ఆరుగా చెల్లేవి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, మరుసటి ఏడాది జాగీర్లు, సంస్థానాలు రద్దయ్యాయి, 1950లో భారత రూపాయి వచ్చింది. అయినా హాలీ వెంటనే పోలేదు. కొత్తగా ముద్రించడం 1951లో ఆగినా అది పూర్తిగా రద్దయింది 1959లో. ఈలోపు 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. తూకాల సంగతి చెప్పనే అక్కర్లేదు. సోల, మానిక, కుంచం, పల్ల ఊరికొక తీరు. కిలో, లీటరు చట్టం 1956లో వచ్చినా అంగట్లోకి దిగడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. పాత సర్కారు కాగితాల మీద ఫసలీ సంవత్సరం, ఉర్దూ రాత. 1355 ఫసలీ అంటే 1945 అక్టోబరు నుంచి 1946 అక్టోబరు దాకా అని లెక్క గట్టి చదవాలి. ఇన్ని మారిన పన్నెండేళ్లలో రూపాయికి ఇన్ని సేర్లు అని ముగ్గురు పెద్దమనుషులు మూడు ధరలు చెబితే ముగ్గురూ నిజమే చెబుతుండొచ్చు. దానికి తోడు యుద్ధకాలపు కంట్రోలు. సర్కారు కట్టిన ధర ఒకటి, బ్లాకులో దొరికే ధర ఇంకొకటి. జ్ఞాపకంలో మిగిలేది ఏదో ఊహించుకోవచ్చు.

ఇక కూలి. ఈ ప్రాంతంలో పొలం పనికి కూలి ఎక్కువగా గింజల రూపంలోనే ఉండేది, ముఖ్యంగా జొన్నల్లో. ఏడాది జీతానికి కుదిరిన జీతగాడికి ఇంత ధాన్యం, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. అప్పు కింద తరతరాలు కట్టుబడిపోయిన భగేలా కూలీలకు అదీ సరిగ్గా అందేది కాదు. నిజాం ప్రభుత్వమే 1930లలో ఆ ఒప్పందాలకు హద్దులు పెడుతూ నిబంధనలు తేవాల్సి వచ్చిందంటే ఆ పద్ధతి ఎంత పాతుకుపోయిందో తెలుస్తుంది. ఇలాంటి మనిషికి బియ్యం ధర ఎంత తగ్గితే ఏమిటి, ఎంత పెరిగితే ఏమిటి? అతను కొనేవాడు కాదు. అతని ఇంట్లో వండింది బియ్యమూ కాదు, జొన్న గటక, తైదంబలి. బియ్యం పండుగకో చుట్టం వస్తేనో. మన జాబితాలన్నీ బియ్యంతోనే మొదలవుతాయంటే అవి ఎవరి వంటింట్లోంచి వచ్చాయో చెప్పకనే చెబుతున్నాయి. గింజలు పండించిన చిన్న రైతు సంగతీ అంతంతే. యుద్ధం పేర మొదలైన లెవీ యుద్ధం ముగిసినా ఆగలేదు. పలుకుబడి ఉన్న దొరలు తప్పించుకుంటే, చిన్నవాడు తిండిగింజలు కూడా సర్కారు కట్టిన ధరకు కొలిచి, వానకాలం అక్కర పడితే అవే గింజలు నాగుకు, అంటే గింజల వడ్డీకి, తెచ్చుకునేవాడు. ఇక్కడ ధర తక్కువగా ఉండటమంటే ఒకరి నష్టం ఇంకొకరి సౌలభ్యం కావడమే. గద్వాల చీర సంగతి వేరుగా చెప్పాలా? నూలు ఒళ్లు, పట్టు అంచు కలిపి నేసే ఆ చీర ఎంతకు అమ్ముడుపోయిందో గుర్తుంచుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. నేసినవాడికి సావుకారు ముట్టజెప్పిన మజూరీ ఎంతో గుర్తున్నవాళ్లు ఆ మగ్గాల ఇళ్లలో తప్ప దొరకరు.

అంకెలు పూర్తిగా లేవని కాదు. 1950-51లో దేశవ్యాప్తంగా జరిగిన మొదటి వ్యవసాయ కార్మికుల విచారణ మగ కూలీకి రోజుకు సగటున నయాపైసల లెక్కలో 109 పైసలు, ఆడ కూలీకి 68 పైసలు అని తేల్చింది. 1956-57లో రెండోసారి చూస్తే 96, 59. మొదటి పంచవర్ష ప్రణాళిక ముగిసేనాటికి దేశంలో ధరలు మొదటికంటే తగ్గాయని గొప్పగా చెప్పుకున్న కాలమది. ధరలు దిగినప్పుడు కూలి కూడా దిగిందని ఈ అంకెలు చెబుతున్నాయి. అయితే వీటి మీద అప్పుడే ఒక గట్టి అభ్యంతరం వచ్చింది, దాన్ని దాటవేయకూడదు. గింజల్లో ఇచ్చిన కూలికి మొదటి విచారణ చిల్లర ధర కట్టింది, రెండోది టోకు ధర కట్టింది, కనుక కూలి అంతగా తగ్గి ఉండదన్నారు ఆర్థికవేత్తలు. ఒప్పుకోవాల్సిన మాటే. కానీ అది నా వాదనకే బలం. కుంచెడు జొన్నలకు ఏ ధర కట్టాలో ఢిల్లీలో కూర్చున్న గణాంక శాఖకే తేలనప్పుడు, ఆ జొన్నలే కూలిగా తీసుకున్న మనిషి బతుకును రూపాయల పట్టికలో ఎలా పెడతాం? అదీగాక ఆడవాళ్ల కూలి మగవాళ్ల కూలిలో మూడింట రెండు వంతులు కూడా లేదన్నది రెండు లెక్కల్లోనూ మారలేదు. ఏ పాత ధరల సందేశంలోనూ ఈ వరుస కనిపించదు.

వినోదం గురించి కూడా ఇదే కొలత పెట్టి చూడొచ్చు. వీధి భాగవతానికి, చిందు ఆటకు, తోలుబొమ్మలకు టికెట్ లేదు. ఆడినవాళ్లకు ఊరు కల్లం దగ్గర గింజలు కొలిచేది. కురుమూర్తి జాతరకో మల్దకల్ తిమ్మప్ప జాతరకో పోవడానికి కాళ్లుంటే చాలు. చేతిలో నాణెం లేనిదే లోపలికి రానివ్వని వినోదం సినిమా. 1951లో పాతాళభైరవి, 1953లో దేవదాసు, 1955లో రైతు కథతో రోజులు మారాయి వచ్చాయి. టూరింగ్ టాకీసు డేరాలో నేల టికెట్ అణాల్లోనే ఉండొచ్చు. గింజల కూలీకి ఆ అణాలు కావాలంటే ముందు ఇంట్లో గింజలు కోమటి కొట్టుకు మోసుకుపోయి, కోమటి చెప్పిన ధరకు ఇచ్చి రావాలి. కాబట్టి అణా సినిమా చవకని చెప్పేముందు ఆ అణా ఏ దారిన వచ్చిందో చూడాలి. వార్తల సంగతి క్లుప్తంగానే చెప్పొచ్చు. 1951 జనాభా లెక్కల నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో చదవడం వచ్చినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. గద్వాలకు రైలుంది కనుక పత్రిక రైల్లో దిగేది. వనపర్తి రోడ్డు అనే స్టేషన్ పేరులో ఉన్న రోడ్డు ఎంత దూరమో వనపర్తివాళ్లకే తెలుసు. నాగర్‌కర్నూలుకు రైలు ఇవాళ్టికీ లేదు. ధరల వార్త జనానికి చేరింది పత్రికలో కాదు, పటేలు పట్వారీ నోటి మాటగా, దండోరాగా.

దీనికి వచ్చే జవాబులు తెలిసినవే. అప్పుడు కొనాల్సినవే తక్కువ, ఉన్నదాంతో తృప్తిగా ఉన్నారు కదా అంటారు కొందరు. తృప్తి ఉన్న ఊళ్లలోంచి జనం మూటలు కట్టుకుని పోరు. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగాక అక్కడ మట్టి మోసిన వేలాది చేతుల్లో పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, చేతులు ఎన్నో. గుంపు మేస్త్రీ ఇచ్చిన ముందు పైకానికి కుటుంబాలతో కదిలిన పాలమూరు లేబర్ దేశంలోని పెద్ద ఆనకట్టలకు, కాలువలకు పేరుపడ్డ కూలీ అయింది. ఊళ్లో అంత చవక బతుకు దొరికేదే అయితే ఆ పైకానికి ఎవరు చేయి చాచేవారు? ఇంకొకరు బంగారం చూపిస్తారు. ఈ ఒక్క చోట వాళ్లదే నిజం, అనుమానం లేదు. 1950లో పది గ్రాములు వంద రూపాయలకు అటూ ఇటూ. రోజుకు 109 పైసల చొప్పున 90 రోజుల పైచిలుకు కూలి. ఇప్పుడు లక్ష దాటిన ధరకు రోజుకు ఐదొందల కూలి లెక్కేసినా రెండొందల రోజులు పైనే. బంగారం కూలివాడికి అప్పటికంటే దూరమైంది. కానీ తొంభై రోజుల కూలిని తినకుండా దాచగలిగిన కూలి ఇల్లు అప్పుడు ఎక్కడుందో కూడా వాళ్లే చెప్పాలి. చదువు, వైద్యం ఖర్చులు ఇప్పుడు నడ్డి విరుస్తున్నాయన్న మాటనూ కాదనలేం. అయితే అప్పటి పట్టికలో వాటికి ధర కనిపించకపోవడానికి కారణం అవి చవక కావడం కాదు, చాలా ఊళ్లకు అవి అందకపోవడం. బియ్యం విషయంలో చరిత్ర తిరుగులేని సాక్ష్యం ఇస్తుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఒక ప్రభుత్వాన్ని నిలబెట్టే పథకమైందంటే, ఆ ముప్పై ఏళ్లలో కూడా కూలివాడి సంపాదన బియ్యం బస్తా దాకా పోలేదనే అర్థం.

ఇంత చెప్పాక మిగిలే పని ఒకటుంది. ఇటిక్యాలపాడు సొంతూరుగా గోలకొండ పత్రిక నడిపి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర అచ్చేశారు. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ నాణేలు వాడారు అని వెయ్యేళ్లు వెతికిన పుస్తకమది. అందులో కథ 1907 దగ్గర ఆగుతుంది. ఆయన సొంత కళ్లతో చూసిన హాలీ సిక్కా చివరి రోజులు, లెవీ, పోలీసు చర్య తర్వాతి అంగడి అందులో లేవు. 1953లో ఆయన పోయారు. ఆ ఖాళీని ఆయన పుట్టిన గడ్డ మీదే ఎవరూ సరిగ్గా పూరించలేదు. 2016 అక్టోబరులో ఈ మూడు ఊళ్లూ మూడు జిల్లాలయ్యాయి. ప్రతి జిల్లాకూ చరిత్ర పుస్తకం అంటూ రాజుల కోటలు, జలపాతాల ఫొటోలతో వచ్చేవి చాలు. పాత సావుకారు ఇళ్లలో చిట్టాలు, కిర్దులు ఇంకా చెదలు తినకుండా ఉన్నవి ఉంటాయి. ఆలయాల జమాఖర్చులు, చేనేత సంఘాల పద్దులు, హైదరాబాద్ ఆర్కైవ్స్‌లోని ఉర్దూ దస్తావేజులు ఉన్నాయి. ఇవన్నీ చదివించడానికి ఉర్దూ, ఫసలీ లెక్క వచ్చినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. కాగితాలకంటే తొందరగా పోయేది మనుషులు. 1950లో పదిహేనేళ్ల వయసులో జీతానికి కుదిరిన మనిషికి ఇప్పుడు తొంభై దాటాయి. ఆయన దగ్గరికి పోయినవాళ్లు బియ్యం ఎంతకుండె అని అడగడం మానేసి, దినానికి ఏమిచ్చేటోళ్లు, ఎన్ని దినాలు పని దొరికేది, మీ అమ్మకు ఎంత కొలిచేటోళ్లు అని అడిగి రాసుకురావాలి.