రెండడుగులు వెనక్కి

ఎండాకాలం సెలవులొస్తే ఆదోని, ఎమ్మిగనూరు కుర్రకారుకు రెండు సరదాలు. బైకులు కట్టుకుని గుత్తి, తాడిపత్రి, జమ్మలమడుగు మీదుగా గండికోట పోయి లోయ అంచున ఫొటోలు దిగడం ఒకటి. ఏ ఊరి జాతరలోనైనా ఎద్దుల బండలాగుడు ఉందని తెలిస్తే ఫోన్లు పట్టుకుని బరి పక్కన చేరడం రెండోది. కార్ల పందేలు మన వైపు లేవు గానీ వాటి వీడియోలు చూసి పెరిగిన పిల్లలే వీళ్లంతా. రెండు చోట్లా నాకు నచ్చని పని ఒక్కటే. ఫొటో బాగా రాలేదనిపించగానే అందరూ ముందుకు జరుగుతారు.

తప్పు పిల్లలది మాత్రమే కాదు, చేతిలో ఉన్న లెన్సుది కూడా. ఫోన్‌లో మామూలుగా పనిచేసేది వైడ్ లెన్సు. అది ముందున్నదాన్ని పెద్దది చేసి, వెనకున్నదాన్ని చిన్నదిగా, దూరంగా చూపిస్తుంది. కళ్లు తిరిగేంత లోయ తెర మీద మామూలు గుంతలా కనిపిస్తుంది. ఫొటో తీసేవాడు ఉసూరుమని ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. బండలాగుడులో ఇది మరీ ప్రమాదం. తెరలో ఎద్దులు ఇంకా ఎక్కడో ఉంటాయి, కాడిమాను మాత్రం భుజానికి తగిలేంత దగ్గరికి వచ్చేసి ఉంటుంది.

గండికోట దగ్గర పెన్న ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయింది. అక్కడి రాతికి భూగర్భ శాస్త్రవేత్తలు ఆ ఊరి పేరే పెట్టారు, గండికోట క్వార్ట్జైట్ అని. అడ్డంగా పొరలు, నిలువునా పగుళ్లు. అందుకే గోడలు అంత నిటారుగా ఉంటాయి. అందుకే అంచున ఉన్న దిమ్మెను నమ్మడానికి లేదు. కొన్నిటి కింద రాయి ఎప్పుడో రాలిపోయింది, పైన నిలబడ్డవాడికి ఆ సంగతి కనబడదు. ఈ లోయను మన గ్రాండ్ కాన్యన్ అని రాయడం ఒక అలవాటైపోయింది. అరిజోనాలోది మైలు లోతు, మనది సుమారు 300 అడుగులని చెబుతారు. ఆ పోలిక విని వచ్చినవాడు ఉన్నదానికంటే ఎక్కువ లోతు ఫొటోలో చూపాలని తంటాలు పడతాడు. అంచు వదిలి వెనక్కి వచ్చి, ఫోన్‌లో దూరాన్ని దగ్గరగా చూపే టెలి లెన్సు ఉంటే దాంతో, ఎదుటి గోడను మాత్రమే తీసి చూడండి. పొద్దున ఏటవాలు ఎండలో ఒక్కో పొర విడివిడిగా కనిపిస్తుంది. మధ్యాహ్నం 42 డిగ్రీల్లో తీస్తే రాయీ నీరూ ఒకే రంగు. వడదెబ్బ అదనం.

అక్కడ అంచు పొడవునా ఇనుప కమ్మీలు వేయమని అడిగేవాళ్లున్నారు. నేను వాళ్లతో లేను. లోయ కదలదు, మన మీదికి రాదు. మనం పోకపోతే చాలు. దారి తెలిసిన ఆ ఊరి మనిషికి నాలుగు రూపాయలిచ్చి వెంటబెట్టుకుంటే కమ్మీల పని అతనే చేస్తాడు.

పందెం సంగతి వేరు, అక్కడ ప్రమాదం మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు పరుగెత్తినప్పుడు దారికి రెండు పక్కలా కాంక్రీటు గోడలు, వాటి మీద కంచె. ఫొటోగ్రాఫర్లు ప్రత్యేకమైన చొక్కా వేసుకుని, కేటాయించిన చోటు నుంచే తీయాలి. కార్లకు వీపు పెట్టి నిలబడకూడదన్నది ఆ పనిలో మొదటి పాఠం. ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. 1955లో ఫ్రాన్స్‌లోని లె మాన్ పందెంలో ఒక కారు జనం మీదికి ఎగిరిపడి 80 మందికి పైగా పోయారు. 1986 పోర్చుగల్ ర్యాలీ నాటికి కూడా జనం రోడ్డు మధ్యలో నిలబడి, కారు మీదికొచ్చాక చివరి క్షణంలో పక్కకు దూకడం ఒక ఆటగా ఉండేది. ఫొటో కోసం మోకాళ్ల మీద కూర్చునేవాళ్లు కూడా ఉండేవారు. ఆ ఏడాది ఒక కారు అదుపు తప్పి ముగ్గురి ప్రాణం తీసింది. అంత వేగంగా పోయే ఆ తరగతి కార్లనే తర్వాతి ఏడాది నుంచి ఛాంపియన్‌షిప్‌లో లేకుండా చేశారు.

మన బండలాగుడు బరి పక్కన నిలబడితే నాకు ఆ పోర్చుగల్ రోడ్డే గుర్తొస్తుంది. పాలపళ్ల జతలనుంచి సీనియర్స్ దాకా విభాగాలున్నాయి, గడియారం ఉంది, లాగిన దూరాన్ని అడుగులతో కొలవడం ఉంది, మైకులో వ్యాఖ్యానం ఉంది. జనానికి హద్దు మాత్రం లేదు, లేదా ఉన్న తాడు మొదటి జత దిగేసరికే కాళ్ల కింద ఉంటుంది. ఎద్దుల పక్కన పరుగెత్తే మనిషి "యాడికొస్తాండావప్పా, ఎనక్కి పో!" అని అరుస్తాడు. అతని గొంతు కూడా వీడియోలో రికార్డవుతుంది, వినేవాడే ఉండడు. నిజానికి ఈ పందెంలో ఫొటో అందం వేగంలో లేదు. బండ కదలడానికి ముందు ఎద్దు మెడ కిందికి వంగే ఆ ఒక్క క్షణంలో ఉంది. దాన్ని పట్టుకోవాలంటే ముందుకు కాదు, పక్కకు పోవాలి. 30 అడుగుల దూరం నుంచి 200 ఎం.ఎం. లెన్సుతో తీస్తే జత ముఖాలు ఫ్రేము నిండా వస్తాయి.

ఇక దేవరగట్టు. హొళగుంద మండలంలోని ఆ కొండను దేశమంతా ఒక్క రాత్రే చూస్తుంది. దసరా రాత్రి మాళ మల్లేశ్వరస్వామి కల్యాణమయ్యాక ఉత్సవ మూర్తులు కిందికి దిగుతాయి. నెరణికి, కొత్తపేట వాళ్లు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మరోవైపు, ఇనుప చుట్లు తొడిగిన కర్రలు, దివిటీలు. బన్ని అనే ఈ కర్రల పోరులో ఏటా ఎందరికో తలలు పగులుతాయి, ప్రాణాలు పోయిన ఏళ్లూ ఉన్నాయి. కర్ర పట్టినవాడు మొక్కు కోసం వచ్చాడు, అతని సంగతి అతనికి, ఆ ఊళ్లకు వదిలేస్తాను. ఫోన్ పట్టినవాడికి మొక్కేమిటి? పైగా దివిటీ వెలుగుకు అలవాటుపడ్డ కళ్లల్లోకి అతను ఫోన్ లైటు కొడతాడు. కర్ర ఎటు పడుతుందో ఆ క్షణంలో ఇద్దరికీ తెలియదు.

కార్ల పందేలు తీసేవాళ్లు ముందే ట్రాకు చుట్టూ నడిచి, ఏ మలుపులో నిలబడాలో చూసుకుని వస్తారు. దేవరగట్టుకు అలాంటి నడక ఎండాకాలంలోనే కుదురుతుంది. మే నెలలో తెల్లవారుజామున కొండెక్కండి. జనం ఉండరు, నీళ్లు మీరే మోసుకుపోవాలి. ఊరేగింపు దిగే దారి, అది ఇరుకయ్యే చోట్లు, ఎత్తుగా ఉన్న బండలు, వాటి మీది నుంచి బయటికి దారి అన్నీ పగటి వెలుతురులో తెలుస్తాయి. నాకైతే ఆ ఖాళీ కొండ ఫొటోలే ఎక్కువ ఇష్టం. పత్రికలు వేసుకోవు, అది వేరే మాట.

జాతర కమిటీలకు ఒక విన్నపం. పందేనికి ముందు బరికి రెండు పక్కలా, 30 అడుగుల అవతల, సున్నంతో గీత గీయండి. బస్తా సున్నం ఖరీదు చందాల లెక్కలో కనబడను కూడా కనబడదు. గీత దాటి తీసిన వీడియో ఎంత బాగున్నా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదని మైకులో ఇంకో నిబంధన చదవండి. పోలీసుల లాఠీ కంటే దీనికే ఎక్కువ భయపడతారని నా అంచనా.