వల్లకాడంటే ముఖం తిప్పుకునేవాళ్లకు



పోయిన మీటింగులో ఆర్చి గురించి రెండు గంటలు మాట్లాడారు. దాని కింద బస్సు దూరుతుందా అనేదానికే ఒక గంట! వల్లకాడు బాగు చేద్దామని నేనంటే, "అక్కడికి షికారుకు పోతావా మామా?" అని నవ్వారు.

పోతాను. తప్పేముంది? అమెరికాలో బోస్టన్ పక్కన మౌంట్ ఆబర్న్ అని ఒక వల్లకాడు ఉంది. 1831లో తోటల సంఘంవాళ్లు పెట్టింది. లోపల నీటి గుంటలు, పెద్ద చెట్లు, మెలికలు తిరిగే దారులు. సమాధుల మధ్య నడవడానికి, పిట్టల్ని చూడటానికి జనం వస్తారు. అరిష్టమని ఎవరూ ఆగిపోలేదు.

ఇక్కడ చూడండి. కట్టబొమ్మన దగ్గర తానాపతిగా ఉన్న సుబ్రమణియ పిళ్లైని 1799లో ఉరి తీసింది మన నాగలాపురంలోనే. తల కోసి పాంచాలంకురిచ్చిలో వెదురుగడకు గుచ్చి నిలబెట్టారు. ఆ పోరులో చచ్చిన తెల్ల సిపాయిల సమాధులు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. పిళ్లై పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

మన వల్లకాట్లో అంతా సీమ కరువేలమే. పాడె మోసేవాళ్లు చెప్పుల్లేని కాళ్లతో ఆ ముళ్లు తొక్కుకుంటూ పోవాలి. తాత సమాధి ఎక్కడుందో మనవడికి చూపించలేం. చెరువుకు నీళ్లొచ్చే కాలువ కూడా ఆ ముళ్లలోనే మునిగిపోయింది.

పాలరాయి, ఫౌంటెన్ అడగడం లేదు. కరువేలాన్ని వేళ్లతో పీకించి, వేప, పుంగ చెట్లు నాటండి. చెరువు కట్ట నుంచి లోపలికి ఒక మట్టి దారి వేయండి. వచ్చే మీటింగులో ఇదే మొదట పెట్టమని రాసిస్తున్నా. సంతకం చేసేవాళ్లు పేరు చెప్పండి.