శాస్త్రముల పొత్తు - పరిశ్రమల పుట్టుక

మన విశ్వవిద్యాలయములలో ఒక వింత ఆచారము వేరూనియున్నది. ఒకే ఆవరణమున రసాయనశాస్త్రశాఖయు, యంత్రశాస్త్రశాఖయు, వాణిజ్యశాఖయు ఇరుగుపొరుగున నుండును. రసాయనశాస్త్ర విద్యార్థి చదువు ముగించి వెడలువరకును యంత్రశాల గడప తొక్కి యెరుగడు. యంత్రశాస్త్ర విద్యార్థికి తాను నిర్మించు వస్తువును ఎవరు కొందురో, ఎంతకు కొందురో తెలియదు. వాణిజ్యము చదివినవానికి లాభనష్టముల లెక్క వచ్చును గాని, లెక్క కట్టుటకు వస్తువు లేదు. ముగ్గురును పట్టములు పుచ్చుకొందురు. ముగ్గురును ఒకే ఉద్యోగప్రకటనకు దరఖాస్తులు వ్రాయుదురు. ఈ ముగ్గురు విద్యాకాలముననే ఒకచోట కూర్చుండి పని నేర్చియుండిన యెడల, ఒకరి గుమ్మమున నిలుచుటకు మారుగా మరి నలుగురికి పని కల్పింపజాలకుందురా యని మా ప్రశ్న.

ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. ఆచార్య ప్రఫుల్లచంద్ర రే గారు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయనశాస్త్రము బోధించుచునే, 1892లో సుమారు 700 రూపాయల మూలధనముతో తాము నివసించు అద్దెయింటనే ఔషధముల తయారీకి పూనుకొనిరి. ఆయనకు రసాయనశాస్త్రము తెలియును. రోగి శరీరమున మందు చేయు పని వైద్యునికి తెలియవలెను. వైద్యులును మిత్రులును అగు అమూల్యచరణ బోసుగారు తోడై, అడ్డసరము, నేలవేము మున్నగు దేశీయౌషధులను నవీనపద్ధతిని తయారుచేయించి, తోడి వైద్యులలో వ్యాప్తికి తెచ్చిరి. ఆచార్యుని శిష్యులును ఆ పనిలో చేయి కలిపిరి. ఆ యింటి పరిశ్రమయే 1901లో బెంగాల్ కెమికల్స్ అని ప్రసిద్ధి కెక్కిన లిమిటెడ్ కంపెనీ యయ్యెను. ఆ మరుసటి యేట, అనగా 1902లో, ఆ ఆచార్యులే హిందూ రసాయనశాస్త్ర చరిత్ర ప్రథమసంపుటమును ప్రకటించిరి. పరిశ్రమలో చేయి పెట్టినవాని పాండిత్యము చెడునని బెదరువారు ఈ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన నుంచి చూతురుగాక.

ఆంధ్రదేశమును ఈ విషయమున వెనుకబడి యుండలేదు. 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లతో కలసి ఆంధ్ర జాతీయకళాశాలను నెలకొల్పినప్పుడు, పుస్తకము పట్టిన చేయి మగ్గమును, ఉలిని కూడ పట్టవలెనని సంకల్పించిరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమోపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు తెలుగున అర్థశాస్త్రగ్రంథమును రచించినవారు. కవిత్వతత్త్వవిచారమును రచించినవారును వారే. ఒక శాస్త్రము మరియొక శాస్త్రమును ముట్టరాదను మడి ఆ పెద్దల బుద్ధియందు లేకుండెను.

తరువాత ఆ మడి ఎట్లు వచ్చినది? ఎవరి ద్వేషమువలనను రాలేదు, ఏర్పాటువలన వచ్చినది. ప్రతి శాఖకును వేరు పాఠ్యప్రణాళిక, వేరు పరీక్ష, వేరు పద్దు. అధ్యాపకుని పదోన్నతి తన శాఖలో తాను ప్రకటించిన వ్యాసముల లెక్కపై నాధారపడినది. రెండు శాఖలవారు కలిసి చేసిన పని ఏ శాఖ లెక్కలోను నిండుగా చేరదు. ఫలము లేని చెట్టుకు నీరు పోయువారెవరు? 2020లో వెలువడిన జాతీయ విద్యావిధానము ఈ దోషమును గుర్తించి, బహుశాస్త్రవిద్యను ఆదర్శముగా చెప్పినది. విద్యార్థి ఒకచోట సంపాదించిన క్రెడిట్లు మరియొకచోట చెల్లునట్లు 2021లో క్రెడిట్ల బ్యాంకును ఏర్పరచిరి. కాగితముమీద తలుపు తెరచిరి, సంతోషమే. కాని పరీక్షల కార్యాలయము, కాలపట్టిక, పదోన్నతి నియమములు మారనంతవరకు ఆ తలుపు ఎదుట గోడ అట్లే యుండును.

ఈ గోడవలన కలుగు నష్టము ఎట్టిదో ఒక్క యుదాహరణమున తెలియును. పోచంపల్లి పద్ధతి చీరకు, చిటికి కట్టి రంగులద్దుటకు ముందు, నూలును ఆసుమీద పోయవలెను. చీర యొక్కింటికి చేయి వేలాది పర్యాయములు మేకునకును మేకునకును నడుమ పోవుచు వచ్చుచుండవలెను. ఇండ్లలోని స్త్రీలే తరతరములుగా ఈ పని చేసి భుజములు అరుగదీసుకొనిరి. ఆలేరు ప్రాంతపు నేతకాని కుమారుడు చింతకింది మల్లేశము, పెద్ద చదువులు లేనివాడు, తల్లి భుజముల బాధ చూడజాలక యేండ్ల తరబడి శ్రమించి, 1999 నాటికి ఆసుయంత్రమును సిద్ధము చేసి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఆ ప్రతిభకు నమస్కరింతము. కాని హైదరాబాదునుండి ఆలేరు ఎంత దూరము? యంత్రశాస్త్రము, విద్యుచ్ఛాస్త్రము, వైద్యము, వాణిజ్యము చదువు యువకులు వేలసంఖ్యలో నున్న నగరమునకు అనతిదూరముననే ఆ భుజములు నొచ్చుచుండెను. ఒక వైద్యవిద్యార్థి ఆ నొప్పిని కొలిచి, ఒక యంత్రవిద్యార్థి చక్రము గీసి, ఒక వాణిజ్యవిద్యార్థి వెల నిర్ణయించియుండిన యెడల, ఒక పేదవాని యౌవనమంతయు ఆ ప్రయత్నమున కరగిపోవలసి యుండునా?

కలిసి పనిచేసినచో ఏమగునో చూపుటకు మన పొరుగుననే దృష్టాంతము కలదు. మద్రాసు ఐ. ఐ. టి. లో 2008లో పూర్వవిద్యార్థుల ధనసాహాయ్యముతో విద్యార్థులే నడుపుకొను కార్యశాల యేర్పడినది. ఏ శాఖవాడైనను అందు పని చేయవచ్చును. 2010లో ఆ విద్యాలయము ప్రక్కనే పరిశోధనోద్యానము తెరువబడినది. అందు చోటు పొందిన కంపెనీలు ఆచార్యులతోను, విద్యార్థులతోను కలిసి పనిచేయవలెనని నియమము. ఆ విద్యాలయపు ఆశ్రయముననే 2017లో అగ్నికుల్ అను సంస్థ పుట్టినది. 2024 మే 30వ తేదీన వారి రాకెట్టు, త్రీడీ ప్రింటింగు పద్ధతిని ఒకే ముక్కగా పోసిన ఇంజనుతో, మన శ్రీహరికోటనుండి యెగిరినది. ఇంధనము, లోహము, గణితము, ధనము, ఇన్ని విద్యలు ఒక్కటి కానిదే అట్టి యింజను మండదు. ఎగిరిన గడ్డ తెలుగుగడ్డ. అట్టి పొత్తులు తెలుగు విద్యాలయములన్నింటను ఏల పుట్టరాదు? హైదరాబాదున 2015లో టీ-హబ్ ట్రిపుల్ ఐ. టి. ఆవరణముననే ఆరంభమైనది. బీజము మనకును కలదు. అది జిల్లా కళాశాలలకు ప్రాకవలసియున్నది.

విద్యాలయము సరస్వతీమందిరము గాని అంగడి కాదని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణను మేము తేలికగా త్రోసివేయము. లాభము రాని శాస్త్రమునకు, భాషకు, చరిత్రకు చోటు లేకుండ చేయు పరిశ్రమాభిమానము విషతుల్యము. ఏ కొలతయు లేక గదికి ఇంగ్లీషు పేరు పలక తగిలించి, రిబ్బను కత్తిరించి, మరునాడు తాళము వేయు ఆడంబరమును అంతకంటె మేలు కాదు. అయినను మగ్గముయొక్క బాధ నెరుగని యంత్రశాస్త్రము శాస్త్రమునకు మాత్రము ఏమి గౌరవము? నేతగాని చరిత్ర తెలిసిన విద్యార్థియు, అతని మాట తెలిసిన విద్యార్థియు ఆ కూటమిలో నుండిననే యంత్రము అతనికి పనికివచ్చును. చరిత్రకును భాషకును ఇందు స్థానము తగ్గదు, హెచ్చును.

కావున మేము కోరునది స్వల్పము, సుసాధ్యము. చివరి యేటి ప్రాజెక్టును వేర్వేరు శాఖల విద్యార్థులు కలిసి చేయవచ్చుననియు, అది అందరి పట్టమునకును చెల్లుననియు విశ్వవిద్యాలయములు శాసింపవలెను. కలిసి బోధించిన అధ్యాపకులిద్దరికిని నిండు లెక్క కట్టవలెను. కార్యశాలను సాయంకాలమున తాళము వేయక తెరచియుంచవలెను. మంగళగిరి నేతగానిని, కొండపల్లి బొమ్మల పనివానిని, గోదావరి మండలపు రొయ్యల రైతును సమస్య చెప్పువారుగా పిలిచి, ఆచార్యులతో సమానముగా కూర్చుండబెట్టవలెను. కనిపెట్టినదానిపై హక్కు విద్యార్థి కెంత, విద్యాలయమున కెంత, సమస్య తెచ్చిన చేతిపనివాని కెంత యని మొదటనే వ్రాతపూర్వకముగా నిర్ణయింపవలెను; తరువాత వచ్చు తగవులే పొత్తులకు మృత్యువు. ఒక యేడు పరిశ్రమకు యత్నించి విఫలుడైన విద్యార్థి, తలవంపు లేక మరల తరగతికి వచ్చుటకు వీలుండవలెను.

తల్లిదండ్రులకును ఒక మాట. కుమారుడు ఉద్యోగము మాని పని పెట్టెదనన్న దినమున ఇంట దీపమారినట్లు విలపింపకుడు. వర్తకులకును ఒక మాట. సత్రములకు, గుళ్లకు ఇచ్చిన చేయి కళాశాల కార్యశాలకును ఒకింత చాచుడు. విద్యార్థులారా, పొరుగు తరగతి తలుపు తట్టుటకు ఏ ప్రభుత్వాజ్ఞయు అవసరము లేదు. నేడే తట్టుడు.