పునీత దేవసహాయం: పేరులోంచి పోయిన పిళ్ళై, గుడిలో నిలిచిన గోడ

కతోలిక సంప్రదాయంలో పునీతుల పండుగను సాధారణంగా వారు పుట్టిన రోజున గాక మరణించిన రోజున జరుపుతారు. భక్తుడు పరలోకంలో జన్మించేది ఆ రోజునే అని తొలి శతాబ్దాల క్రైస్తవులు నమ్మడం ఈ ఆచారానికి మూలం. ఆ లెక్కన, 1752 జనవరి 14న తిరువాన్కూరు సైనికుల తుపాకులకు బలైన దేవసహాయం పండుగ తెలుగు ఇళ్ళు సంక్రాంతి సందడిలో ఉండే రోజున వస్తుంది. 2022 మే 15న పోపు ఫ్రాన్సిస్ ప్రకటనతో ఆయన భారతదేశంలో పునీతుడైన తొలి గృహస్థ విశ్వాసి, అంటే గురువో మఠవాసియో కాని సంసారి అయ్యాడు. ఎవరి జీవితాన్ని లోకం ముందు ఆదర్శంగా నిలపాలన్నది శ్రీసభ, అనగా కతోలిక సంఘం, బహిరంగంగా ఇచ్చే తీర్పు కనుక, ఆ తీర్పుకు మొదట కట్టుబడవలసింది కూడా శ్రీసభే.

నీలకంఠన్ అనే పేరుతో 1712లో నేటి కన్యాకుమారి జిల్లాలోని నట్టాలంలో నాయర్ కుటుంబంలో పుట్టిన ఈయన, తిరువాన్కూరు మహారాజు మార్తాండవర్మ కొలువులో పద్మనాభపురంలో ఉద్యోగం చేశాడు. 1741 నాటి కొళచ్చల్ యుద్ధంలో ఓడి బందీగా చిక్కిన డచ్చి కంపెనీ అధికారి డె లన్నోయ్ ఆ తరువాత అదే రాజు సేనను తీర్చిదిద్దే స్థానానికి ఎదగగా, ఆయనతో కలిగిన స్నేహం నీలకంఠన్‌ను క్రీస్తు విశ్వాసం వైపు నడిపించింది. 1745 మే 14న వడక్కన్‌కుళం గ్రామంలో ఒక జెస్విట్ గురువు చేతుల మీదుగా జ్ఞానస్నానం పొంది, లాజరు అనే బైబిలు పేరుకు అర్థానువాదమైన దేవసహాయం అనే పేరు తీసుకున్నాడు. కులంతో నిమిత్తం లేకుండా మనుషులందరూ సమానమని చెబుతూ, తక్కువ కులాలవారితో కలిసిమెలిసి తిరగడంతో పైవర్గాల ఆగ్రహానికి గురయ్యాడని శ్రీసభ నమోదు చేసిన జీవిత చరిత్ర చెబుతుంది. 1749లో ఆయనను నిర్బంధించి, మెడలో జిల్లేడు పూల దండ వేసి, ఎనుబోతు మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరూరా తిప్పారన్నది ఆ ప్రాంతపు సంప్రదాయం. వినాయకుడికి భక్తితో సమర్పించే పువ్వే అక్కడ మరణశిక్ష పడినవాడి గుర్తయింది. మూడేళ్ళ చెర తరువాత ఆరల్‌వాయ్‌మొళి సమీపంలోని కాట్టాడిమలై మీద ఆయనను కాల్చి చంపారు.

ఆయన మరణానికి మతమార్పిడి కారణం కాదని, రాజోద్యోగంలో మోపబడిన నేరాలే కారణమని కొందరు చరిత్రకారులు వాదిస్తూ వచ్చారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు, ఎందుకంటే ఒక వ్యక్తిని వేదసాక్షిగా, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడిగా గుర్తించాలంటే చంపినవారిని నడిపింది విశ్వాసద్వేషమేనని తేలాలి. అయితే క్రైస్తవుడైన డె లన్నోయ్‌కు తన సేనను అప్పగించిన రాజుకు క్రైస్తవం దానంతట అదే నేరం కాదన్నది స్పష్టం; పైకులపు ఉద్యోగి ఒకడు విశ్వాసం పేరిట కులకట్టును దాటడమే ఆ రాజ్యపు పునాదికి తగిలిన దెబ్బ అని భావించడం సమంజసం. ఈ కోణంలో చూస్తే విశ్వాసానికి, సామాజిక ఆచారానికి మధ్య గీత గీయడం కష్టం. 2012లో పోపు బెనెడిక్ట్ ఆయన వేదసాక్షి మరణాన్ని ఆమోదించగా, అదే ఏడాది డిసెంబరు 2న నాగర్‌కోయిల్‌లో ఆయనను ధన్యుడిగా, అంటే పునీత పట్టానికి ముందు మెట్టు మీద ఉన్నవాడిగా, ప్రకటించారు.

అన్నిటికన్నా అర్థవంతమైన నిర్ణయం పేరుకు సంబంధించినది. ధన్యుడిగా ప్రకటించినప్పుడు పేరు చివర ఉన్న ‘పిళ్ళై’ అన్న మాటను, అది కులసూచకమన్న అభ్యంతరాలు వచ్చిన మీదట, వాటికన్ 2020లో తొలగించింది. అది రాజు ఇచ్చిన బిరుదే తప్ప కులనామం కాదన్నవారు లేకపోలేదు. అయినా కులాన్ని కాదన్నందుకు చనిపోయినవాడిని కులం వాసన ఉన్న పేరుతో పీఠం ఎక్కించకపోవడమే న్యాయం.

కాని ఆయన జ్ఞానస్నానం పొందిన వడక్కన్‌కుళమే ఈ న్యాయానికి కఠినమైన పరీక్ష పెడుతుంది. 19వ శతాబ్దంలో అక్కడ కట్టిన గుడికి రెండు వేరువేరు రెక్కలుండి, రెండూ పీఠం దగ్గర మాత్రమే కలిసేవి; ఒకదానిలో పిళ్ళై, ముదలి కులాల క్రైస్తవులు, మరొకదానిలో నాడార్లు కూర్చునేవారు, నడుమ గోడ. పీఠం నుంచి వెనుదిరిగిన గురువుకు ఇరుపక్షాలూ కనిపించేవి గాని, ఒకే దివ్యబలిపూజకు వచ్చిన విశ్వాసులకు ఎదుటి రెక్కలో ఉన్నవారి ముఖాలు కనిపించేవి కావు. 1910లో గోడను పడగొట్టినప్పుడు పైకులాలవారు తమ హక్కు పోయిందని న్యాయస్థానానికి వెళ్ళగా, మద్రాసు హైకోర్టు వారి వాదనను తిరస్కరించింది.

తెలుగు కతోలికులకు ఈ కథ పరాయిది కాదు. 18వ శతాబ్దపు ఫ్రెంచి జెస్విట్ల కర్ణాటక మిషన్ కాలంలో విశ్వాసం స్వీకరించిన రెడ్డి కుటుంబాల వారసులు నేటికీ ఆ కులనామాన్ని పేర్లలో నిలుపుకున్నారు; అలాంటి కుటుంబాలతో పాటే దళిత విశ్వాసులూ ఈ సంఘంలో ఉన్నారు. దేవసహాయం పునీతుడైన మూడు నెలలకే, 2022 ఆగస్టు 27న, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కార్డినల్ హోదా పొంది, ఆ స్థానానికి చేరిన తొలి దళితుడు, తొలి తెలుగువాడు అయ్యారు. అంతకుముందే 2016లో భారత కతోలిక బిషప్పుల సమాఖ్య దళిత సాధికారతపై విధానపత్రం విడుదల చేసి, అంటరానితనం శ్రీసభ లోపలా ఉందని ఒప్పుకుంది.

ఈ ఒప్పుకోలు నైతికమైనదే కాక చట్టపరమైన బరువూ ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినా క్రైస్తవ దళితులు బయటే మిగిలారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారికి దక్కింది బీసీ-సి విభాగం కింద ఒక శాతం రిజర్వేషన్. మతం మారినా కులబాధ పోలేదన్నదే సుప్రీంకోర్టు ముందు వారి వాదన కనుక, శ్రీసభ తన బిడ్డల హక్కు కోసం నిలబడాలంటే తన గుళ్ళలో, సమాధుల తోటల్లో మిగిలి ఉన్న గోడలనే సాక్ష్యంగా చూపవలసి వస్తుంది.