పక్కన నిలబడేవాళ్ల ప్రణాళిక

మరుగుజ్జు మనిషిని ప్రేమించినవాళ్లం, ఆ ప్రేమ అందుకున్న మరుగుజ్జులం, ఇంకా అందుకోని మరుగుజ్జులం కలిసి ఈ ప్రణాళిక రాసుకున్నాం. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లోనూ, అక్కణ్ణించి కైకలూరు, ఆకివీడు మీదుగా కొల్లేటి లంకల దాకానూ ఉన్నవాళ్లం. మాలో రొయ్యల చెరువు గట్టున మేత లెక్కలు రాసే కుర్రాడున్నాడు. గూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా ఉన్నాడు. తివాచీలు నేసిన ఇంటి ఆడపడుచు ఉంది, బళ్లో పాఠాలు చెప్పే పంతులమ్మ ఉంది. మా ఈ వేదికకు పేరు ఇంకా పెట్టలేదు. పేరు కోసం కూర్చున్న ప్రతిసారీ తగాదాయే తేలింది కాబట్టి ముందు పని మొదలుపెడదాం, పేరు సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాం.

చెప్పదలచుకున్నది ఒక్కటే. మూడున్నర అడుగుల మనిషి మీద మనసు పడటం జాలి కాదు, త్యాగం కాదు, పిచ్చి అంతకంటే కాదు. మామూలు ఇష్టం. దాన్ని మామూలుగా బతకనివ్వమని అడగడానికే కూడుకున్నాం.

ఊళ్లో ఈ ఇష్టానికి ఇప్పటిదాకా రెండే అర్థాలు. పొడుగాటి కుర్రాడు మరుగుజ్జు అమ్మాయిని చేసుకుంటే సగం మంది చేతులు జోడిస్తారు. "ఎంత గొప్ప మనసు బాబూ నీది" అంటారు. మిగతా సగం అరుగుల మీద లెక్కలు కడతారు. "ఎన్నెకరాల చెరువు రాసిచ్చారంట?" "పింఛను డబ్బుల కోసమే అయ్యుంటుంది." "వాడిలో ఏదో లోపం లేకపోతే ఎందుకు చేసుకుంటాడు?" అమ్మాయి పొడుగై అబ్బాయి పొట్టివాడైతే మాటలు ఇంకా ముదురుతాయి, అవి ఇక్కడ రాయలేం. ఆ పిల్ల మాట చురుగ్గా ఉండబట్టి, నవ్వితే బాగుండబట్టి, ఆమె నడిచే తీరు, ఆ పొట్టి చేతులు, ఆ రూపం కంటికి నచ్చబట్టి చేసుకున్నాడేమోనన్న ఊహ మాత్రం ఒక్కరికీ రాదు. నిజం చెప్పాలంటే గొప్ప మనసని పొగిడేవాళ్ల మీదే మాకు ఎక్కువ కోపం. అరుగు మీది లెక్కలాయనతో పోట్లాడొచ్చు. దండం పెట్టేవాడితో ఏం పోట్లాడతాం?

ప్రభుత్వాలదీ ఇదే దారి. సకలాంగులు వికలాంగుల్ని పెళ్లాడితే ప్రోత్సాహక నగదు ఇచ్చే పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏళ్ల తరబడి నడిచింది. 2022 అక్టోబరులో మొదలైన కల్యాణమస్తు పథకంలో వికలాంగుల పెళ్లికి 1,50,000 రూపాయలు ప్రకటించారు. డబ్బు వద్దని మేం అనం. పెళ్లి ఖర్చు ఎవరికైనా ఖర్చే. కాకపోతే ఆ డబ్బును పొడుగు మనిషి చేసిన ఉపకారానికి బహుమతిలా చూడొద్దు. ఇద్దరి కాపురానికి ఆసరాగా ఇవ్వండి. ఎత్తు తగ్గించి కట్టిన వంటగట్టుకి, చేతికందే స్విచ్‌బోర్డుకి, మూడు చక్రాల స్కూటీకి ఆ డబ్బు పనికొస్తుంది.

మన కళ్లకు ఈ చూపు ఎవరు నేర్పారని వెతికితే సినిమా హాలు దగ్గర ఆగుతాం. 1989లో వచ్చిన 'విచిత్ర సోదరులు' ఇప్పటికీ టీవీలో వస్తే మేమూ చూస్తాం. సింగీతం శ్రీనివాసరావు దర్శకుడు, కమల్ హాసన్ కవలలుగా వేశాడు. కవలల్లో పొట్టివాడైన అప్పు, సర్కస్‌లో ఒకమ్మాయి తనను ప్రేమిస్తోందనుకుంటాడు. తీరా చూస్తే ఆమె అతన్ని రమ్మన్నది, వేరేవాడితో తన రిజిస్టరు పెళ్లికి సాక్షిగా. హాలంతా ఏడ్చింది. ఆ సినిమా తీసినవాళ్లకు అప్పు మీద వెటకారం లేదు, గౌరవమే ఉంది. అది ఒప్పుకుని ఒక్కమాట అడుగుతాం. ఇద్దరిదీ ఒకటే మొహం, ఇద్దరూ ఒకే నటుడు. కాళ్లు నిటారుగా ఉన్న సోదరుడికి మాత్రం అమ్మాయి దక్కుతుంది, ఆ పొట్టివాడికి మన కన్నీళ్లు దక్కుతాయి. ఇలా కాక ఇంకోలా రాయొచ్చని ఎవరికీ తోచలేదు, మనకీ తోచలేదు. అప్పు వేషం వేసింది మామూలు ఎత్తున్న మనిషి కాబట్టే ఆ మాత్రం ప్రేమకథైనా రాశారని మాలో కొందరు అంటారు. నిజమైన పొట్టివాళ్లు అదే సినిమాలో పక్కన డ్యాన్సు చేశారు.

మన ఆచారంలో మాత్రం ఎత్తుకు ఇంత పట్టింపు లేదు. ఈ మధ్య మాలో ఒక జంట పెళ్లి ద్వారకా తిరుమలలో జరిగింది. పెళ్లికూతురు మూడడుగుల ఏడంగుళాలు, పెళ్లికొడుకు ఐదున్నర పైనే. గోదావరి జిల్లాల పద్ధతిలో మేనమామలు ఆమెను బుట్టలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఇద్దరూ పీటల మీద కూర్చునే ఉన్నారు. ముహూర్తానికి ఆమె చెయ్యి కాస్త పైకి చాపింది, ఆయన తల కాస్త వంచాడు, అయిపోయింది. తలంబ్రాల వేళ అన్నయ్య ఆమెను ఎత్తి పట్టుకున్నాడు. ఐదడుగుల పెళ్లికూతుర్ని కూడా అన్నలు అలాగే ఎత్తుతారు కదా, ఎవరూ వింతగా చూడలేదు. చిక్కంతా ఫొటోగ్రాఫరుతోనే వచ్చింది. "సార్, మీరు మోకాళ్ల మీద కూర్చోండి" అన్నాడు. తర్వాత "మేడంకి స్టూలు వేయండి, చీర కప్పేస్తే కనపడదు" అన్నాడు. ఆమె స్టూలు పక్కకు తోసి, "ఉన్నదున్నట్టు తియ్యి తమ్ముడూ" అంది. ఆ ఫొటో వాళ్ల హాల్లో ఉంది. ఆమె బాసికం సరిగ్గా అతని పంచె కట్టు దగ్గరకొస్తుంది. ఇద్దరూ నవ్వుతున్నారు, అతను కాస్త ఎక్కువ నవ్వుతున్నాడు.

అలాంటి ఫొటోలో నిలబడటానికి ధైర్యం చాలనివాళ్లతోనే మా అసలు పేచీ. మాలోని మరుగుజ్జు ఆడవాళ్లు చెప్పిన బాధల్లో బజారు వెక్కిరింతల కంటే ఇదే ఎక్కువసార్లు వచ్చింది. ఒకడు రాత్రి పదకొండింటికి "నిద్రపోయావా" అని మెసేజ్ పెడతాడు. నెలల తరబడి పెడతాడు. పొద్దున్న ఏలూరు బస్టాండులో ఫ్రెండ్స్‌తో ఉండి ఎదురుపడితే ముఖం పక్కకు తిప్పుకుంటాడు. ఇంట్లోవాళ్లు చూపించిన సంబంధం చేసుకుని, పెళ్లయ్యాక కూడా మెసేజులు ఆపడు. మగవాళ్లకూ ఇలాంటి అనుభవాలున్నాయి, చెప్పుకోవడానికి వాళ్లకు ఇంకా సిగ్గు. ఇష్టం ఉందంటే నమ్ముతాం. వెలుతురులో లేని ఇష్టాన్ని భరించమని మాత్రం ఇంకెవరినీ అడగనివ్వం.

ఇక పొట్టితనమే నచ్చేవాళ్ల సంగతి. పొట్టి మనుషులంటేనే ఆకర్షణ కలిగేవాళ్లు ఉన్నారు, మాలోనూ ఉన్నారు. ఇది జబ్బా అని ఒకాయన తొలి సమావేశంలో చాలా భయపడుతూ అడిగాడు. ఆరడుగుల అందగాడు కావాలనే పిల్లని ఎవరూ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లరు. పొడుగు జడ, చామనఛాయ, సన్న నడుం కావాలనేవాళ్లను కారణం అడగరు. కంటికి ఏది ఇంపుగా ఉంటుందో కంటికే తెలుసు. అక్కడిదాకా మాలో అందరం ఒక మాట మీదే ఉన్నాం. ఆ తర్వాతే చీలాం. "నా ఎత్తును చూసి వచ్చినా పర్లేదు, వచ్చాక నన్ను చూస్తే చాలు" అని కొందరు. "నా ఎత్తు కోసం వచ్చినవాడికి నేను కాకపోతే ఇంకో పొట్టిమ్మాయి, నాకు అలాంటివాడు వద్దు" అని కొందరు. గంటన్నర వాదించుకున్నా తేలలేదు. తేలలేదనే రాసుకుంటున్నాం. ఎవరి సంబంధం విషయంలో వాళ్ల మాటే చెల్లుతుంది. ఒక్క గీత మాత్రం అందరం కలిసి గీశాం. అడగకుండా ఫొటోలు తీయడం, ఫోన్ నంబర్లు పంచుకోవడం, ఒళ్లో ఎత్తుకోబోవడం చేసినవాడికి మా వేదికలో చోటు లేదు. ముప్పై ఐదేళ్ల ఆడమనిషిని "బుజ్జిదానా" అని బుగ్గ గిల్లేవాళ్లకు కూడా లేదు. మేం పెద్దవాళ్లం. ఓటేసేవాళ్లం, అప్పులు తీర్చేవాళ్లం, కోరికలున్నవాళ్లం. చీరల షాపుకెళ్తే పిల్లల గౌన్ల కౌంటరు చూపించవద్దు.

వీధిలో జంటగా నడవడం ఎంత కష్టమో గట్టిపల్లి శివలాల్ కథ చెబుతుంది. కరీంనగర్ ప్రాంతం మనిషి, హైదరాబాదులో స్థిరపడ్డాడు, ఎత్తు దాదాపు మూడడుగులు. మన దేశంలో డ్రైవింగ్ లైసెన్సు పొందిన తొలి మరుగుజ్జుగా 2021లో పత్రికలకెక్కాడు. పెడళ్లు అందేలా కారును మార్పించుకుని నేర్చుకున్నాడు. ఎందుకంత పట్టుదలంటే, క్యాబ్ బుక్ చేస్తే రద్దు చేసేవాళ్లు, భార్యతో బయటికెళ్తే జనం నానా మాటలనేవాళ్లు. పత్రికలన్నీ లైసెన్సు గురించి రాశాయి, భార్యతో కలిసి రోడ్డు మీద నడవలేని ఊరు గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. అందరూ కారు కొనలేరు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు నడిచి వెళ్లాలి, కైకలూరు బస్సు ఎత్తైన మెట్టు ఎక్కాలి, పక్కన ఉన్న మనిషి చెయ్యి పట్టుకోవాలి. అప్పుడు సెల్‌ఫోన్ పైకెత్తే కుర్రాళ్లకు చట్టం చెప్పాల్సిన బాధ్యత మాది.

ఆ చట్టం ఇదీ. 1995 నాటి చట్టంలో వైకల్యాలు ఏడే, అందులో మరుగుజ్జుతనం లేదు. 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది, మరుగుజ్జుతనం వాటిలో ఒకటి. వైద్యపరమైన లేదా జన్యుపరమైన కారణంతో పెద్దయ్యాక 147 సెంటీమీటర్లు, అంటే 4 అడుగుల 10 అంగుళాలు దాటనివాళ్లు దాని కిందకు వస్తారు. (కారణం సంగతి వదిలేసి టేపు ఒక్కటే పెడితే మన అమ్మమ్మల్లో చాలామంది తేలతారు. అమ్మమ్మలకు పెళ్లిళ్లు కాలేదా?) సెక్షన్ 92 ప్రకారం నలుగురి ముందు కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు, జరిమానా. వికలాంగురాలి మీద తనకున్న పట్టును అడ్డం పెట్టుకుని లైంగికంగా వాడుకున్నా అదే సెక్షన్ వర్తిస్తుంది. రాత్రి మెసేజుల వీరుల్లో కొందరు ఈ రెండో మాట చదువుకోవాలి. స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తే ఒక్కరినీ ఒంటరిగా పంపం.

పెద్దవాళ్లు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది, పిల్లలు. గ్రహణం, శాపం, కన్నతల్లి తప్పు అనే మాటలు మా గుమ్మం బయటే వదిలి రండి. మరుగుజ్జుతనంలో ఎక్కువగా కనిపించే రకం అకాండ్రోప్లేసియా. సుమారు 25 వేల కాన్పుల్లో ఒకటి. దానికి కారణమైన జన్యువును 1994లో కనుక్కున్నారు. ఈ రకం పిల్లల్లో ఐదుగురిలో నలుగురు మామూలు ఎత్తున్న తల్లిదండ్రులకే పుడతారు, దానికీ మేనరికానికీ సంబంధం లేదు. మేనరికంతో ముప్పు పెరిగే అరుదైన రకాలు వేరే ఉన్నాయి. అకాండ్రోప్లేసియా ఉన్న మనిషి, లేని మనిషి జంటయితే బిడ్డకు అది వచ్చే అవకాశం సగానికి సగం. ఇద్దరికీ ఉంటే నాలుగింట ఒక వంతు అవకాశంలో బిడ్డకు రెండు వైపుల నుంచీ వస్తుంది, అలాంటి బిడ్డ సాధారణంగా బతకదు. దీన్నిబట్టి ఎవరూ ఎవరినీ చేసుకోవద్దని మేం అనం. పొట్టి జంటలు మాలో ఉన్నారు, హాయిగా ఉన్నారు, డాక్టరుతో మాట్లాడుకునే నిర్ణయాలు తీసుకున్నారు. కానీ ఊరి పెద్దలు "ఈడూ జోడూ" అంటూ పొట్టికి పొట్టినే వెతికి తెచ్చి, అదే క్షేమమని నమ్ముతున్నారే, వాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

పెళ్లిళ్ల బ్యూరోలకూ ఒక మాట. మా చెరువుల దగ్గర రొయ్యను కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయో) చూసి ధర కడతారు. మీ ఆఫీసుల్లో మనుషుల్ని అలా ఎంచుతున్నారు. బయోడేటాలో ఎత్తు గడి ఉంచుకోండి, నిజమే రాస్తాం. వికలాంగులకు పెట్టిన ఆ వేరే ఫైలు తీసేయండి. అందులోంచి మీరు బయటికి తీసేది ఎప్పుడూ భార్య పోయిన యాభై ఏళ్లాయన జాతకమే.

పెళ్లి రిసెప్షన్ గేటు దగ్గర పొట్టివాళ్లకు వేయించే జోకరు వేషాల గురించి మాలో కుర్రాళ్లకు ఆవేశం ఎక్కువ, ఆ పెళ్లిళ్లు బహిష్కరిద్దాం అన్నారు. ఆ వేషం వేసి ఇల్లు నడిపేవాళ్లు మాలోనే ఇద్దరున్నారు. వాళ్ల కూలి మీద కొట్టం. రాత్రంతా నిలబెట్టకుండా కుర్చీ వేయాలి, మాట్లాడుకున్న డబ్బు అదే రాత్రి ఇవ్వాలి, అతిథుల బంతిలోనే భోజనం పెట్టాలి, తాగినవాళ్లను మీద చెయ్యి వేయనివ్వకూడదు. ఈవెంట్ వాళ్లతో ఇది రాయించుకుంటాం. వేరే పని కావాలన్నవాళ్లకు ఒక శాతం కోటా ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లోని ఆ శాతాన్ని కదలికల వైకల్యం ఉన్నవాళ్లంతా పంచుకోవాలి. దరఖాస్తులు, సదరం వైకల్య సర్టిఫికెట్ల పనిలో తోడుంటాం.

ఇలా కూడుకోవడం కొత్త కాదు. అమెరికాలో నటుడు బిల్లీ బార్టీ 1957లో రెనో పట్టణంలో మాలాంటి కొద్దిమందిని పోగుచేశాడు. అదే లిటిల్ పీపుల్ ఆఫ్ అమెరికా అయింది. వాళ్ల వార్షిక సభల్లో కలుసుకుని పెళ్లాడినవాళ్లు ఎందరో. ఆయన పుట్టినరోజు అక్టోబర్ 25ను మరుగుజ్జుల అవగాహన దినంగా జరుపుతున్నారు. మా మొదటి బహిరంగ సభ కూడా ఆ రోజే, ఏలూరులో. చోటు కుదిరాక ఇంటింటికీ వచ్చి చెబుతాం. రెండు రకాల కుర్చీలు వేయిస్తాం, మైకు స్టాండు కిందకు దించేది తెస్తాం, భోజనాలు ఉన్నాయి, చందా లేదు.

పొడుగువాళ్లలో ఎవరికైనా తమ ఇష్టం సంగతి ఇంకా బయట చెప్పుకునే ధైర్యం లేకపోతే మొదటిసారి ఒంటరిగా రావచ్చు, పేరు కూడా అడగం. రెండోసారి వస్తే మాత్రం ఇష్టపడ్డ మనిషిని వెంటబెట్టుకుని, ముందు గుమ్మంలోంచి రావాలి.