మనకీ ఒక ద్వీపం ఉంది

కరీబియన్ క్రూయిజుకి వెళ్లొచ్చి ఫోటోలు పెట్టేవాళ్లలో బందరు వాళ్లూ, గుడివాడ వాళ్లూ బాగానే ఉంటారు. వెళ్లొద్దని కాదు. కాకపోతే బందరు నుంచి గంట దూరంలో మనకే ఒక ద్వీపం ఉంది, దాని గురించి మనం మాట్లాడుకునేది నవంబరు 19న మాత్రమే. నా బాధల్లా అదే.

దివి అంటేనే ద్వీపం. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఒక పాయ హంసలదీవి దగ్గర, ఇంకోటి నాగాయలంక దాటాక సముద్రంలో కలుస్తాయి. ఈ రెండు పాయలకీ బంగాళాఖాతానికీ మధ్యలో అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక. ఎదురుమొండి లాంటివి దీవిలో దీవులు. అక్కడి జనం ఆసుపత్రికి వెళ్లాలన్నా, కాలేజీకి వెళ్లాలన్నా ఏళ్ల తరబడి పంటు ఎక్కి ఏరు దాటినవాళ్లే.

ఈ నేలంతా కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రే. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన రేవుపట్నం మన ఘంటసాలే అంటారు చరిత్రకారులు. ఇవాళ ఘంటసాలలో నిలబడి చూస్తే సముద్రం ఎక్కడా కనిపించదు. నది మట్టి తెచ్చి పోస్తూ వచ్చింది, సముద్రం వెనక్కి జరుగుతూ వచ్చింది.

మట్టి ఉంటే చాలదు కదా, నీళ్లు కావాలి. 1832-33 డొక్కల కరువులో గుంటూరు సీమ జనం ఎలా రాలిపోయారో చదివే ఉంటారు. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా తలరాత మారింది. దివిసీమకి ఆ కాలువ నీళ్లు అందాలంటే ఏటి పాయ మీదుగా దాటించాలి, అందుకే పులిగడ్డ అక్విడెక్టు. కరీబియన్ దీవుల్లో చెరకు తోటల కోసం మనుషుల్ని ఓడల్లో తీసుకెళ్లారు. మన దగ్గర నీళ్లొచ్చాయి, మనుషులు వాళ్లంతట వాళ్లే వచ్చారు. అయితే ఒక్క విషయంలో రెండు చోట్లా ఒకటే కథ. ఎవరు మెరక మీద ఉండాలి, ఎవరు పల్లంలో ఉండాలి అన్నది భూమి ఎవరి చేతిలో ఉందో దాన్నిబట్టే తేలింది. పొలం ఉన్నవాళ్లకి మెరక మీద పక్కా ఇళ్లు. వేటకెళ్లే బెస్తలకీ, కూలికెళ్లే దళితులకీ, యానాదులకీ కరకట్ట పక్కనో సముద్రం ఒడ్డునో పూరిపాకలు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు తేడా అక్కడే బయటపడింది. ఐదారు మీటర్ల ఎత్తున వచ్చిన నీళ్లు అందరి మీదకీ వచ్చాయి గానీ, అందరికీ ఎక్కడానికి డాబా లేదు. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయింది పదివేల మంది దాకా అన్నది సర్కారు లెక్క, అంతకంటే చాలా ఎక్కువన్నది అక్కడివాళ్ల మాట. 1864 నవంబరు 1న బందరుని ముంచిన ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారని చెబుతారు. అంటే నూట పదమూడేళ్లు గడిచినా మనం నేర్చుకున్నది పెద్దగా లేదు.

మరి 1990 మే 9న ఏమైంది? అదే తీరానికి 1977 నాటి తుఫానుకి ఏమాత్రం తీసిపోని తుఫాను వచ్చింది. ఈసారి చనిపోయినవాళ్లు వెయ్యిలోపు. ఆ వెయ్యీ తక్కువని కాదు. గాలి మారలేదు, సముద్రం మారలేదు. మారినవి మూడే: ముందుగా అందిన హెచ్చరిక, లక్షల మందిని లోపలికి తరలించడం, షెల్టర్లు. మన భాషలో చెప్పాలంటే సర్వరు అదే, లోడూ అదే. బ్యాకప్ మాత్రం కొత్తగా పెట్టారు. ఉప్పెన ప్రకృతిదే గానీ చావుల లెక్క మాత్రం మనుషుల చేతిలోనే ఉందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అసలు విషయానికొస్తాను. ఇప్పుడు దివిసీమకి వస్తున్న కష్టానికి తుఫాను హెచ్చరిక కేంద్రం ఏ నంబరు జెండా ఎగరేయదు. ఒండ్రులో ఎక్కువ భాగం శ్రీశైలంలోనూ, 1967లో పూర్తయిన నాగార్జునసాగర్‌లోనూ ఆగిపోతోంది. కొత్త మట్టి రాని డెల్టా కుంగుతుంది, సముద్రం కోసుకుంటూ వస్తుంది. వేసవిలో ఏటిలో మంచినీళ్లు తగ్గితే ఉప్పునీళ్లు పైకి ఎగదన్నుతాయి, బోర్లు ఉప్పవుతాయి. వానాకాలంలో అంతా తలకిందులు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. అదంతా చివరికి వెళ్లాల్సింది ఈ లంకల పక్కనుంచే కదా.

దీంట్లో మన వాటా ఏమిటంటారా? ఉంది. ఆనకట్ట నీళ్లతో రెండు పంటలు పండి, ఆ మిగులుతో కాలేజీలొచ్చి, ఆ కాలేజీల్లో చదివి మనం కంప్యూటర్ల ముందు కూర్చున్నాం. ఊళ్లో పొలం మాత్రం అమ్మలేదు. దున్నేవాడు ఇచ్చే కౌలు కంటే చెరువుల కౌలు ఎక్కువ గనక, హైదరాబాదులోనో డల్లాసులోనో కూర్చుని ఫోన్లోనే సరేననేస్తున్నాం. గుడివాడ వైపు చేపల చెరువులకి కాలువ నీళ్లు ఎక్కితే శివారు ఆయకట్టుకి ఆ మేరకు తగ్గుతాయి. దివిసీమలోనే రొయ్యల చెరువు తవ్విస్తే ఉప్పు పక్క పొలంలోకి ఊరుతుంది. పక్క రైతు రెండేళ్లు చూసి, ఇక వరి పండదని తనూ చెరువుకి ఇచ్చేస్తాడు. కౌలు రైతుకి పని పోతుంది, వలస మొదలవుతుంది. మనం డిగ్రీతో వెళ్లాం, వాళ్లు వట్టి చేతులతో వెళతారు. తేడా అంతే.

చెరువులన్నీ పూడ్చేయమని నేననడం లేదు. వాటి మీద బతికే కుటుంబాలూ ఉన్నాయి. ఈసారి కౌలుకి సరే అనేముందు నాన్నగారినో బాబాయినో మూడు ప్రశ్నలు అడగండి. ఆ చెరువుకి నీళ్లెక్కడివి? వాడిన నీళ్లు ఏ డ్రెయిన్లోకి పోతాయి? పక్క చేను ఎవరిది? జవాబు నచ్చకపోతే ఎకరానికి నాలుగు వేలు తగ్గినా వరికే ఇవ్వండి. మన జీతాలకి అదొక లెక్కలోది కాదు. అక్కడ ఉండిపోయినవాడికి మాత్రం అది ఊరు.