దాచాల్సిన ఓటు బయట, చూపాల్సిన ఓటు చాటున

ఓటు రెండు రకాలు. మనం ఊళ్లో వేసేది ఒకటి. మన ఓట్లతో గెలిచిపోయినోళ్లు చట్టసభలో వేసేది ఇంకొకటి. మొదటిది గుట్టుగా ఉండాలి, రెండోది నలుగురికీ తెలియాలి. మన దగ్గర ఇది తలకిందులైంది. శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఒక దళితవాడ ఎవరికి ఓటేసిందో లెక్కింపు రోజు పొద్దుగూకేలోపల ఊరి పెత్తందారుకు తెలిసిపోతుంది. ఆ ఓట్లతో ఢిల్లీకి పోయిన సభ్యుడు ఏ బిల్లుకు అవునన్నాడో, దేనికి కాదన్నాడో ఐదేళ్లయినా దళితవాడకు తెలీదు.

ఎట్లా తెలుస్తుందంటారా? కాగితం బ్యాలెట్ల కాలంలో వేర్వేరు బూతుల కాగితాలను కలగలిపి లెక్కపెట్టే వీలుండేది. యంత్రాలొచ్చినాక బూతు బూతుకీ విడిగా లెక్క చెప్తారు. ఎన్నికల డ్యూటీకి పోయే పంతుళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. మన వాడలు ఊరికి దూరంగా ఉంటాయి, బూతూ వేరే ఉంటే వాడ మొత్తం ఓటు అద్దంలో మాదిరి కనబడుతుంది. ఆ తర్వాత నీళ్ల ట్యాంకు అడగబోతే, శ్మశానానికి దారి అడగబోతే, "మీ వాడ మాకెయ్యలేదు కదా" అంటారు. అనేక యంత్రాల ఓట్లు కలిపి ఒకేసారి లెక్కచూపే టోటలైజర్ పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ సరేనంది. కేంద్రం మాత్రం ఒప్పుకోలేదు. వాడ ఓటు తెలియకపోతే బెదిరించేదెట్లా, బేరమాడేదెట్లా?

ఇక రెండో ఓటు సంగతి. చట్టసభల్లో చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే పోతాయి. "అవుననేవారు అవుననండి" అంటారు, కేకలు వినబడతాయి, బిల్లు పాసవుతుంది. ఎవరు అరిచారో, ఎవరు నోరు మూసుకున్నారో పేరుపేరునా లెక్కుండదు. మన రాష్ట్రమే ఇట్లా చీలింది. విభజన బిల్లును 2014 జనవరి 30న మన శాసనసభ మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ మూజువాణి ఓటుతోనే ఆమోదించింది. ఆ పూట టీవీ ప్రసారం కూడా ఆగిపోయింది. కోట్లమంది బతుకులు మారిన దినాన సభ్యుడి పేరు పక్కన టిక్కు కూడా పడలేదు.

రాజ్యాంగ సవరణకు మాత్రం అట్లా కుదరదు, ఓట్లు లెక్కపెట్టి తీరాల. 2019 జనవరి 8న అగ్రకులాల పేదలకు 10 శాతం రిజర్వేషన్లిచ్చే 103వ సవరణకు లోక్‌సభలో 323 మంది అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. మన తిరుపతి సభ్యుడు ఎటు నొక్కాడు? ఎటూ కాదు. ఆ రోజు తిరుపతికి సభ్యుడే లేడు! శ్రీకాళహస్తి కూడా కలిసిన ఈ ఎస్సీ రిజర్వుడు స్థానం నుంచి 2014లో గెలిచిన వరప్రసాదరావు, ప్రత్యేక హోదా కోసం వైఎస్సార్ కాంగ్రెస్ తీసుకున్న నిర్ణయం ప్రకారం మరి నలుగురితో కలిసి 2018 ఏప్రిల్‌లో రాజీనామా చేశాడు. జూన్‌లో అది ఆమోదం పొందింది. గడువు ఏడాది కన్నా తక్కువ మిగిలిందని ఉప ఎన్నిక పెట్టలేదు. అట్రాసిటీల చట్టానికి సుప్రీంకోర్టు తీర్పుతో పడిన గండిని పూడ్చే సవరణ బిల్లు లోక్‌సభలో పాసైంది 2018 ఆగస్టు 6న, చుండూరు మారణకాండ జరిగి సరిగ్గా 27 ఏళ్లయిన దినాన. అప్పుడూ మన సీటు ఖాళీ. హోదా అడగడం తప్పని కాదు నేననేది. దళితుల కోసం కేటాయించిన కుర్చీని ఖాళీ చేసేముందు దళితవాడల్ని ఎవరైనా ఒక మాట అడిగారా?

అడగరు. ఎందుకంటే ఆ కుర్చీ పార్టీది. రిజర్వుడు సీట్లలో పార్టీ టిక్కెట్టు మీద గెలిచినోళ్లు పార్టీ క్రమశిక్షణకు కట్టుబడి నోరు విప్పలేని స్థితిని అంబేద్కర్ 1945లోనే పుస్తకం రాసి బయటపెట్టాడు. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ఆ కట్టును ఇంకా బిగించింది. విప్ దాటి ఓటేస్తే సభ్యత్వానికే ఎసరు. అయితే విప్ కట్టేసేది ఓటునే. మాటను కట్టేసే చట్టం లేదు. ప్రశ్న వెయ్యొచ్చు, చర్చలో లేచి నిలబడొచ్చు. అది కూడా చెయ్యకపోతే తప్పు చట్టానిది కాదు.

మాట ఎందుకు పెగలదో తెలియాలంటే డబ్బు దారి చూడాల. 2022 నుంచి అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు ఖర్చు పెట్టొచ్చు. మనవాళ్లకు డిపాజిట్టులో సగం మినహాయింపు ఇచ్చారు, సంతోషం. ఆ తర్వాత కావాల్సిన లక్షలు ఎవరిస్తారు? కూలోళ్ల కొడుక్కి ఎవరు పెట్టుబడి పెడతారో వాళ్లే వాడి నోటికి తాళం వేస్తారు. పార్టీ పెట్టే ఖర్చుకైతే పరిమితే లేదు. అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చూ అభ్యర్థి లెక్కలోకే వస్తుందని 1974లో సుప్రీంకోర్టు చెబితే, ఆ నెలలోనే ఆర్డినెన్సు తెచ్చి ఆ తీర్పుకు గండి కొట్టారు.

2017లో ఇంకో మెట్టెక్కారు. ఎన్నికల బాండ్లు తెచ్చారు. కంపెనీలు లాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వకూడదన్న హద్దు తీసేశారు. రాజ్యసభ ఐదు సవరణలు చేసి పంపితే, మనీ బిల్లు పేరు చెప్పి లోక్‌సభ వాటిని తోసేసింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లను కొట్టేసినాకే గుట్టు బయటపడింది. 2019 ఏప్రిల్ నుంచి బీజేపీకి ఆరువేల కోట్ల పైన, వైఎస్సార్ కాంగ్రెస్‌కు సుమారు 337 కోట్లు, తెలుగుదేశానికి సుమారు 219 కోట్లు. వీధిలో ఒకరినొకరు తిట్టుకునేవాళ్లంతా ఆ కౌంటరు దగ్గర ఒకే వరసలో నిలబడ్డారు. హైదరాబాదు కాంట్రాక్టు కంపెనీ మేఘా ఇంజినీరింగ్ ఒక్కటే 966 కోట్ల బాండ్లు కొన్నది. మన గుళ్లో రాహుకేతు పూజకు ఎంత అన్నది బోర్డు మీద రాసుంటుంది. నాయకుడి మీద ఎవరు ఎంత పెట్టారన్నది మాత్రం ఏ బోర్డు మీదా ఉండదు.

మరి మనం చెయ్యాల్సిందేమి? తిట్టుకుంటా కూర్చుంటే లాభం లేదు. గెలిచినా ఓడినా ప్రతి అభ్యర్థీ ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాల. నిబంధనల ప్రకారం ఒక్క రూపాయి ఫీజు కట్టి ఎవరైనా దాన్ని చూడొచ్చు, రుసుము కట్టి నకలూ తీసుకోవచ్చు. తిరుపతి కలెక్టరేటుకు బస్సు ఛార్జీ పెట్టుకొని పోవడమే మన పని. జెండాలకెంత, జీపులకెంత, భోజనాలకెంత రాశారో తెచ్చి వాడలో చదవండి. ఆ ఎన్నికలు కళ్లారా చూసిన మన అమ్మలు, అక్కలు ఆ లెక్క నిజమో అబద్ధమో ఇట్టే చెబుతారు.

రెండోది, 2024లో గెలిచిన తిరుపతి ఎంపీ గురుమూర్తినీ, శ్రీకాళహస్తి ఎమ్మెల్యే బొజ్జల సుధీర్‌రెడ్డినీ ఒకే కాగితం అడుగుదాం. ఈ ఏడాది ఏ బిల్లుకు ఎటు ఓటేశారు? ఎన్ని ప్రశ్నలు వేశారు? ఎస్సీ సబ్‌ప్లాన్ నిధుల మీద ఎప్పుడు నోరు విప్పారు? పార్టీ ఏదైనా సరే, అడిగే ప్రశ్న ఒకటే. ఏటా ఏప్రిల్ 14న దండ వెయ్యడానికి వచ్చేటోళ్లను ఆ కాగితం చేత్తో పట్టుకొని రమ్మందాం. కాగితం లేకుంటే దండ మనమే వేసుకుంటాం.

మన వేలి మీద సిరా చుక్క అందరికీ కనబడుతుంది. వాళ్ల వేలు ఏ మీట మీద పడిందో కూడా మనకు కనబడాల.